బీమావారును బాడుగవారును

కౌతాళపు నల్లరేగడిలో పండిన పత్తి ఆదోని మార్కెట్టు యార్డునకు వచ్చును. జిన్నింగు మిల్లులో గింజ వేఱై, ప్రెస్సులో బేళ్లుగా బిగిసి, ఏ కోయంబత్తూరునకో ఏ బొంబాయికో పోవుటకు లారీ నెక్కును. లారీ కదలుటకు ముందు రవాణా కంపెనీ గుమాస్తా యొక రసీదు వ్రాసి మండీ యజమాని చేతిలో బెట్టును. రసీదునకు ముందువైపున బేళ్ల లెక్కయు, బరువును, బండి నంబరును, బాడుగయు నుండును. వెనుకవైపున చీమలబారువలె సన్నని యింగ్లీషు అక్షరములతో షరతులుండును. ఆ వెనుకవైపును చదివిన మండీ యజమాని నింతవఱకు మేము చూడలేదు. చదువవలసిన దినము వచ్చునప్పటికి సరకు కాలియో తడిసియో యుండును.

అట్లు చెడిన సరకును గూర్చి బీమా కంపెనీలు రవాణా కంపెనీలపై తెచ్చు సివిలు దావాలను గూర్చి యీ వారము రెండుమాటలు వ్రాయదలచితిమి. ఇరుపక్షములును ధనికులే, ఇరువురకును వకీళ్లు కలరు, వారి తగవుతో మన రైతున కేమి, నేతగాని కేమి యని మా పాఠకులు కొందఱు తలంపవచ్చును. దావా నడచినంతకాల మా తలంపు సరియైనదే. దావా నిలిచిపోయినపుడు మాత్రము దాని బరువు వా రిరువురిపైనను బడక మూడవవానిపై బడుచున్నది. ఆ మూడవవాడు మనవాడు.

దావా పుట్టుక యిట్టిది. నష్టము తెలియగానే సర్వేయరు వచ్చి చూచి నివేదిక వ్రాయును. బీమా కంపెనీ పాలసీ ననుసరించి సొమ్ము చెల్లించి, వర్తకునిచేత నొక పత్రముపై వ్రాలు చేయించుకొనును. రవాణా కంపెనీపై నీకు గల హక్కు ఇకమీద మాది యనుట ఆ పత్రపు సారము. న్యాయవాదులు దీనిని సబ్రొగేషను అందురు. నష్టము తీర్చినవాడు నష్టపడినవాని స్థానమున నిలుచుట యని దాని యర్థము. విధి న్యాయమైనదే. ఇది లేనిచో వర్తకుడు బీమావారివద్ద నొకమాఱును, బండివారివద్ద నింకొకమాఱును పుచ్చుకొనవచ్చును; లేదా యజాగ్రత్తగా మోసినవాడు పరుల బీమా చాటున తప్పించుకొనిపోవచ్చును. అయితే స్థానము మాఱినను పేరు మాఱదు. సామాన్యముగా దావా వర్తకుని పేరనే గాని, వర్తకుడును బీమావారును కలసిగాని తేవలయును. సొమ్ము పుచ్చుకొని యా సంగతియే మఱచిన మనుష్యుడు కొన్నియేండ్లకు కోర్టు గుమ్మమున సాక్షియై నిలిచి, ఆనాడు బేళ్లు ఎన్ని, టార్పాలిను కట్టిన దెవరు, రసీదుపై నున్నది నీ వ్రాలేనా యను ప్రశ్నలకు బదులు చెప్పవలసివచ్చును. పత్తిధర ఎక్కుచున్నదో దిగుచున్నదో చూచుకొనవలసిన దినమున వాయిదాకు హాజరగుట యెట్టిదో ఆదోని మండీవారికి మేము చెప్పనక్కఱలేదు.

సరకు మోయువాని బాధ్యత మనకు నిన్నమొన్న తెలిసినది కాదు. రాజువలన గాని దైవమువలన గాని కాక సరకు నష్టమైనచో మోసినవాడు దాని నిచ్చుకొనవలయుననియు, పయనమునకు విఘ్నము కల్పించినవాడు కూలికి రెట్టింపు చెల్లింపవలయుననియు యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. పొరుగున కన్నడనాట కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరు డా స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచింపగా, పదుమూడవ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయమను పేర దానిని తెలుగుచేసెను. ఆంగ్లేయుల ధర్మమును చిత్రముగా నిదే మాట చెప్పినది: దైవకృత్యము, రాజుయొక్క శత్రువులు, ఈ రెండు తప్ప మఱి యేకారణమున సరకు చెడినను మోసినవాడే యుత్తరవాది. 1865లో వారు మనదేశమునకు క్యారియర్ల చట్టమును చేసి, మోసినవాని యజాగ్రత్తను వాది ఋజువు చేయనక్కఱలేదని యందు వ్రాసిరి. 1891లో ఐరావతీ నదిపై పడవలు నడపిన ఫ్లొటిల్లా కంపెనీ వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలు, మోయువాని బాధ్యతకు కాంట్రాక్టు చట్టపు మెత్తని సూత్రములు చాలవనియు, పాత కఠినసూత్రమే వర్తించుననియు తీర్మానించెను. అనగా ధర్మశాస్త్రముచొప్పున చూచినను, తెల్లవారి చట్టముచొప్పున చూచినను, బాడుగ పుచ్చుకొనినవాడే సరకునకు మొదటి బీమాదారుడు. ప్రీమియము పుచ్చుకొనిన కంపెనీ రెండవవాడు. ఇద్ద ఱట్టి పూచీదారులున్నచోట తగవు మూడునెలలలో తేలవలయును గదా! తేలకపోవుటకు కారణము, సరకు చెడినదా లేదా యను ప్రశ్న కోర్టులో చాలకాలము రానేరాకపోవుటయే.

ముందుగా వచ్చునది, దావా ఎక్కడ వేయవలె నను ప్రశ్న. రసీదు వెనుకవైపున వ్యాజ్యములన్నియు ఫలానా నగరపు కోర్టులలోనే యని యొక షరతుండును. 1991లో సుప్రీంకోర్టు తేల్చిన పటేల్ రోడ్వేసు వ్యాజ్యములు రెండు దీనికి తార్కాణములు. ఒకదానిలో బోడినాయకనూరినుండి ఢిల్లీకి పోయిన యేలకులు ఢిల్లీ గిడ్డంగిలో అగ్నిపాలైనవి. పెరియకులము కోర్టులో దావా పడినది. రెండవదానిలో మదరాసునుండి ఢిల్లీకి పోయిన పురుగులమందు చెడి చేరినదని సరకువారును వారి బీమా కంపెనీయు కలసి మదరాసు సివిలు కోర్టున దావా వేసిరి. రవాణా కంపెనీవారు రెండింటను చెప్పిన దొక్కటే: మా రసీదుపై బొంబాయి యని వ్రాసియున్నది, ఇక్కడ మీకు విచారణాధికారము లేదు. ఆ యొక్క మాట క్రింది కోర్టు, హైకోర్టు దాటి ఢిల్లీదాక పోయెను. సరకు పుచ్చుకొనిన శాఖాకార్యాలయ మెక్కడ నున్నదో, వ్యాజ్యకారణ మెక్కడ పుట్టినదో అచ్చటనే దావా వేయవచ్చుననియు, చట్టమే అధికార మీయని బొంబాయి కోర్టునకు రసీదు అధికార మీయజాలదనియు సుప్రీంకోర్టు స్పష్టముగా చెప్పెను. ఏలకులు కాలినందుకు ఎవ రెంత యీయవలెనో యన్న విచారణ అప్పటికింక జరుగవలసియే యుండెను.

ఈ చోటి ప్రశ్న మన ప్రాంతమువారికి వట్టి న్యాయసూక్ష్మము కాదు. ఆదోని 1953 అక్టోబరు 1 వఱకు బళ్లారి జిల్లాలోనిది. జిల్లా వ్యవహారములకు మన పెద్దలు బళ్లారికి పోయిరి, తరువాత కర్నూలునకు పోయిరి. హైకోర్టు మదరాసు విడిచి 1954లో గుంటూరునకును, 1956లో హైదరాబాదునకును, 2019 జనవరి 1న అమరావతికిని వెళ్లినది. 1937లో శ్రీబాగున కాశీనాథుని నాగేశ్వరరావుగారి యింట పెద్దలు కూర్చుండి, రాజధానియో హైకోర్టో రాయలసీమకని వ్రాసికొనిన సంగతి మే మిక్కడ త్రవ్వబోము. దాని స్థలము వేఱు. కోర్టు ఇన్నిమాఱులు కదలినను దానివెంట కదలుచు వచ్చిన సీమవానికి, వ్యాజ్యము బొంబాయిలోనే యను రసీదు మాట ఎంత వెటకారముగా వినబడునో పాఠకులే యూహించుకొందురు గాక.

చోటు తేలినపిదప, వాది యెవ రను ప్రశ్న వచ్చును. 1995లో తమిళనాటి చరణ్ స్పిన్నింగు మిల్లువారి నూలు కలకత్తాకు పోవుచు దారిలో లారీ ప్రమాదమున పాడయ్యెను. బీమావారు సొమ్మిచ్చి, మిల్లువారితో కలసి వినియోగదారుల న్యాయస్థానమున రవాణా కంపెనీపై ఫిర్యాదు చేసిరి. బీమా కంపెనీకి అచ్చట నిలుచు నర్హత కలదా, వ్రాయించుకొనిన పత్రము స్థానప్రవేశ పత్రమా, హక్కునంతను అమ్ముకొనిన పత్రమా యను మీమాంస అంచెలంచెలుగా పైకి ప్రాకి, 2010 ఫిబ్రవరిలో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము ముందు తేలినది. సరకువాని పేరనో, సరకువానితో కలసియో బీమావారు ఫిర్యాదు చేయవచ్చునని ధర్మాసనము తీర్పుచెప్పి, రవాణావారి అప్పీలును కొట్టివేసెను. తీర్పు మంచిదే, పండితులు మెచ్చినదే. కాని ఒక లారీ నూలునకై పదునాలుగేండ్లకు మీఱిన కాలము పట్టినది. ఈలోపల 2003లో వినియోగదారుల చట్టమును సవరించి, వాణిజ్యప్రయోజనమునకై పొందిన సేవలను దానినుండి తొలగించిరి. అందుచేత వర్తకునకు ఆ ద్వారము చాలవఱకు మూసికొనిపోయి, సివిలు కోర్టే గతియైనది.

మూడవ ప్రశ్న తాఖీదును గూర్చినది. 1899లో 1865 చట్టమునకు చేర్చిన నిబంధన ప్రకారము, నష్టము తెలిసినది మొదలు ఆఱునెలలలో రవాణా కంపెనీకి వ్రాతమూలకముగ తెలుపనిచో దావా చెల్లదు. సరకు పోయినదని కంపెనీ యొప్పుకొనదు. వెదకుచున్నాము, రేపు వచ్చును, ఎల్లుండి వచ్చును అనుచుండును. ఎప్పుడు తెలిసినట్లు? ఈ తాఖీదు తగవే హైదరాబాదు చెంత పటాన్‌చెరువులోని వెల్జాన్ హైడ్రెయిర్ కంపెనీ వ్యాజ్యమున 2007లో సుప్రీంకోర్టువఱకు పోయినది. ఆ యేటనే పార్లమెంటు రోడ్డు రవాణాకు క్రొత్త చట్టము చేసి, 2011 మార్చి 1నుండి అమలులో పెట్టినది. తగవు తీరెనా? తీరినది, ఒకవిధముగా: ఇప్పుడు 180 దినములు లెక్కింపవలసినది నష్టము తెలిసిన నాటినుండి కాదు, సరకు బుక్కు చేసిన నాటినుండి! సందేహమును తొలగించుటకై సందేహమునందున్న లాభమును గూడ తొలగించిరి.

ఆ క్రొత్త చట్టములో మేలు లేదని మే మనము. పూర్వము బుక్కింగు కంపెనీ బండి మాది కాదనెడిది; బండి యజమాని సరకు నాకిచ్చినది కంపెనీయే గాని వర్తకుడు కాడనెడివాడు; నేను బండిని చూపించితిని, నా దలాలి పుచ్చుకొంటిని, అంతే యని బ్రోకరు చేతులు దులుపుకొనెడివాడు. ముగ్గురును ప్రతివాదులైనచో ముగ్గురకు మూడు సమనులు, మూడు జవాబులు, మూడింతలు వాయిదాలు. బుక్కింగు కంపెనీ, కాంట్రాక్టరు, ఏజెంటు, బ్రోకరు అందఱును సామాన్య వాహకులే యని 2007 చట్టము నిర్వచించినది. ఇది సంతోషింపదగినది. కాని యా చట్టమే యొకచేత నిచ్చి రెండవచేత పుచ్చుకొనినది. సరకు పంపువాడు అధికపు రేటు చెల్లింతునని ముందుగా వ్రాసి యొప్పుకొననిచో, మోసినవాని బాధ్యత బాడుగకు పదిరెట్లకు మించదని 2011 నియమములు చెప్పుచున్నవి. లెక్కవేసి చూతము. ఒక లారీలో పాతికలక్షల పత్తి యున్నదనుకొందము, బాడుగ ముప్పదివేలనుకొందము. లారీ దగ్ధమైనచో మోసినవానినుండి రాబట్టదగినది మూడులక్షలు. తక్కిన యిరువదిరెండులక్షలు ఏ గంగలో కలిసినట్లు? బీమా కంపెనీ లెక్కలలో నష్టముగా వ్రాయబడును; వ్రాయబడిన నష్టము మఱుసటి యేట ప్రీమియముగా మాఱి, ఏనాడును లారీ దగ్ధము కానివాని పాలసీలోనికి వచ్చి కూర్చుండును.

ఇందులో నింకొక వింత కలదు. వాణిజ్యపు తగవులు త్వరగా తేలవలయునని 2015లో కమర్షియలు కోర్టుల చట్టము చేసిరి. సరకు రవాణాయు, బీమాయు రెండును ఆ చట్టపు పట్టికలో నున్నవి. జవాబు దాఖలుకు నూటయిరువది దినముల గడువు దాటినచో మఱి వీలులేదు. అత్యవసరపు ఉత్తరువు కోరని దావాకు ముందు మధ్యవర్తిత్వము తప్పనిసరి. ఇవన్నియు మెచ్చదగినవే. మొదట కోటి రూపాయలుగా నున్న కనీసపు విలువను 2018లో మూడులక్షలకు దించిరి. కాని బాడుగ ముప్పదివేలకు తగ్గినచో, పదిరెట్లు మూడులక్షలకు తగ్గును. అట్టి దావా క్రొత్త కోర్టు గడప నెక్కజాలక మామూలు సివిలు కోర్టునకే పోవలసియుండును. పెద్దసరకును దూరదేశములకు పంపు పెద్దకంపెనీకి రాచబాట, కౌతాళము ప్రక్కనుండి మిరపబస్తాలను సమీపపు టంగడికి పంపు చిన్నవానికి పాతబాట. ఇట్లగుట బుద్ధిపూర్వకమని మేము తలంచుట లేదు. రెండు చట్టములు చేసినవారు ఒకరి కాగితము నొకరు చూచుకొనలేదని మాత్రమే తలంచుచున్నాము.

మామూలు సివిలు కోర్టు సంగతి తెలిసినదే. దేశపు జిల్లాకోర్టులలో నిలిచియున్న వ్యాజ్యములు 2024 నాటికి నాలుగుకోట్లను దాటినవి. విచారణలో ఒక పక్షమునకు మూడు వాయిదాలకంటె నీయరాదని 2002లో నియమము వచ్చినది. పార్టీ చేతిలో లేని కారణ మున్నచో నీయవచ్చునని 2005లో సుప్రీంకోర్టు దానిని సడలించినది. మన వకీళ్లకు పార్టీల చేతిలో లేని కారణములు కొదువయా? న్యాయమూర్తులను మేము నిందింపము. ఒక్కొక్క మేజాపై నన్ని కట్టలు పెట్టి, పిలుచుటకే పూట చాలనిచోట ఋషియైనను వాయిదాయే వేయును.

మేము నిందింపదలచినది నిలిచిన దావాతో నిశ్చింతగా నుండువారిని. 1973 జనవరి 1నుండి సాధారణ బీమా జాతీయమైనది. నూటయేడు కంపెనీలను కలిపి నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా యను నాలుగు సంస్థలుగ చేసిరి. ప్రైవేటువారికి తలుపులు తిరిగి తెఱచినపిదపను ఆ నాలుగును ప్రజలవే. 1925లో బందరున పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్ర ఇన్స్యూరెన్సు కంపెనీని స్థాపించినపుడు, మన సొమ్ము మన చేతిలో నుండి మన మేలునకు వినియోగపడవలె ననుటయే గదా స్వదేశీయుల యాశయము! మఱి ప్రజల బీమా సంస్థ యొకటి రవాణా కంపెనీపై దావా వేసినదన్నచో, అందుండి రావలసిన ప్రతి రూపాయియు ప్రజలదే. అయినను సమను అందలేదని యేడాది, చిరునామా మాఱినదని యింకొక యేడాది, సాక్షి రాలేదని వేఱొక యేడాది గడచుచుండగా కదలించువారు కానరారు. మూడేండ్ల కాలపరిమితిలోపల దావా వేసినచో అధికారికి తప్పులేదు. ఆడిటువారికి దావా నంబరు చూపినచో చాలును. గెలిచినదా యని యడుగువాడు వచ్చునప్పటికి అధికారికి మూడు బదిలీలు జరిగియుండును. ఇది మా యూహ. తప్పని చూపువారుండినచో, వేసిన రికవరీ దావా లెన్ని, వసూలైన దెంత, వకీళ్ల కైనదెంత యని జిల్లాలవారీగ లెక్క ప్రకటింతురు గాక. మేము సంతోషముతో నచ్చొత్తింతుము.

రవాణా కంపెనీకి ఆలస్యము లాభమని వేఱుగ చెప్పనక్కఱలేదు. బీమా కంపెనీకి ఆలస్యము నష్టము కాదని పైన చూచితిమి. నష్టమంతయు ఎవరికనగా, మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకారసంఘమును నెలకొల్పిన యెమ్మిగనూరును చూడుడు. నేతగానికి నూలు లారీలోనే వచ్చును. దారిలో నూలు తడిసినచో మగ్గము ఆనాడే నిలుచును. నూలువర్తకునకు బీమా సొమ్ము వచ్చును, బీమావారికి దావా వచ్చును. నిలిచిన దినముల కూలి నేతగాని కెవ రిత్తురు? వాని పేరు ఏ కాగితముపైనను లేదు. చిన్నవర్తకుడో, ప్రీమియము భారమని బీమాయే మానుకొని, రసీదునే నమ్ముకొని సరకు పంపును. సరకు పోయిననాడు బీమా కంపెనీ కున్నన్ని యేండ్ల యోపిక వానికి లేదు. రవాణావారు పడవేసిన పావలాకు రాజీపడి పోవును. దశాబ్దమువఱకు పోరాడగలవారు నిలిపియుంచిన దావాలే వీనికి భయము నేర్పుచున్నవి.

కనుక అడుగుచున్నాము. విచారణాధికారము, తాఖీదు, వాది యర్హత, ఈ మూడింటిపై సుప్రీంకోర్టు తీర్పు లిచ్చియున్నది. అవే యాక్షేపణలను తిరిగి తెచ్చు ప్రతివాదిపై మొదటి వాయిదాలోనే ఖర్చులు వేయవలయును. ప్రతివాదు లెందఱైనను, మొదట సరకు పుచ్చుకొని రసీదిచ్చినవాడు వాదికి సొమ్ము చెల్లించి, తమలో తమ వాటాలను పిదప తేల్చుకొనవలయును. ఆలస్యమైనచో నష్టము వారిది కావలయును. మూడులక్షలకు లోబడిన రవాణా వ్యాజ్యములను గూడ కమర్షియలు కోర్టులకు చేర్చుటకు పార్లమెంటునకు ఒక్క వాక్యపు సవరణ చాలును. 180 దినముల లెక్కను నష్టము తెలిసిన నాటికి మరలించుటకు ఇంకొకటి. ప్రభుత్వ బీమా సంస్థలు రెండు లక్షలకో మూడు లక్షలకో పదేండ్లు పోరాడుటకంటె మధ్యవర్తి యెదుట కూర్చుండి ఆఱునెలలలో ఒకటిన్నర పుచ్చుకొనుట మేలని తమ యధికారులకు ధైర్యముగ వ్రాసి యీయవలయును. అట్లు రాజీపడిన యధికారిని మఱునాడు అనుమానించు నలవాటును మానవలయును.

ఇవి ఢిల్లీలోను అమరావతిలోను జరుగవలసిన పనులు, ఎప్పుడగునో తెలియదు. ఆదోనిలో జరుగదగిన పని యొకటి కలదు. మండీ వర్తకులును, జిన్నింగు మిల్లులవారును ఒకచోట కూడి, రసీదు షరతులు తెలుగునను కన్నడమునను, చదువదగిన యక్షరములతో ముందువైపుననే యచ్చువేయని రవాణా కంపెనీకి సరకు నీయమని తీర్మానించుకొనవచ్చును. సరకు విలువ వ్రాయు గడిని ఖాళీగ విడువరాదు. అధికపు రేటు ఎంతో బాడుగ మాటలాడునపుడే యడిగి తెలిసికొనవలయును. సరకు చేరవలసిన దినమున చేరనిచో మఱునాడే రిజిస్టరు తపాలాలో తాఖీదు పంపవలయును. పత్తి తీయుట దసరాకు మొదలగును. ఆలోపల తమవద్దనున్న రసీదు నకళ్లను, పేళ్లు కొట్టివేసియైనను సరే, మా కార్యాలయమునకు పంపినచో, వాని వెనుకవైపున నేమి వ్రాసియున్నదో తెలుగులో వారమున కొకటి చొప్పున ప్రకటింతుము.